పెరటి తోటలో స్ట్రాబెర్రీ: “సదా కాపు” అను మాటకు మన మెట్టసీమలో గల అర్థము

స్ట్రాబెర్రీ యను ఎఱ్ఱని చిన్నపండు పేరు ఇప్పుడు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలోని పిల్లలకు సైతము తెలియును. పట్టణములలోని పండ్ల యంగళ్లలో అది చిన్న పెట్టెలలో అమ్మబడుచున్నది. చేతి టెలిఫోనులలో వచ్చు ప్రకటనలలో దాని మొక్కలును, విత్తుల పొట్లములును అమ్మకమునకు కనబడుచున్నవి. ఆ ప్రకటనలలో “ఏడాది పొడుగునను కాచునది”, “ఎవర్ బేరింగ్” అను మాటలు తఱచుగా నుండును. పెరటిలో పది కుండీలు పెట్టుకొన్నచో పన్నెండు నెలలును పండ్లు తినవచ్చునని తలచి సొమ్ము పంపువారు కలరు. మొక్క వచ్చును, చలికాలమంతయు పచ్చగా నుండును, వైశాఖపు ఎండలో మాడిపోవును. పోయినది మొక్క వెల మాత్రమే కాదు. నీటి యెద్దడి దినములలో దానికి పోసిన బావినీరును పోయినదే.

స్ట్రాబెర్రీ వలదని చెప్పుట ఈ పాఠము యొక్క ఉద్దేశము కాదు. మన మెట్టసీమలో ఆ మొక్క నాలుగు నెలలు చక్కగా పెరిగి కాయుటకు వీలున్నది. ఆ నాలుగు నెలలను తెలిసి వాడుకొని, తరువాత నష్టము లేక దానిని విడిచిపెట్టు మార్గమును చెప్పుటయే మా ఉద్దేశము. అందులకు ముందుగా “సదా కాపు” అను మాట ఎక్కడ పుట్టినదో, మన యెండలో దానికేమి గతి పట్టునో తెలిసికొనవలెను.

మొక్క పుట్టుపూర్వోత్తరములు

నేడు మనము చూచు పెద్దపండు స్ట్రాబెర్రీకి మూడు వందల యేండ్ల వయస్సు కూడ లేదు. 1714వ సంవత్సరమున ఫ్రెజియే అను ఫ్రెంచి ఇంజనీరు దక్షిణ అమెరికాలోని చిలీ దేశము నుండి పెద్దకాయల తెగ మొక్కలను కొన్నిటిని ఫ్రాన్సునకు తెచ్చెను. ఉత్తర అమెరికా నుండి వచ్చిన వర్జీనియా తెగతో అవి అక్కడి తోటలలో సంకరమయ్యెను. ఆ కలయిక వలన పుట్టినదే ఈ పండు. 1766లో డుషేన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ సంగతిని వివరించెను. కావున ఇది చల్లని దేశముల బిడ్డ. దీని అలవాట్లు అన్నియు చల్లని దేశముల ఋతువులను అనుసరించియే యుండును.

మొక్క జానెడు ఎత్తున గుబురుగా నుండును. నేలను ఆనుకొని యుండు పొట్టి కాండము నుండియే ఆకులు, పూగుత్తులు, వేళ్లు పుట్టును. ఈ నడిమి భాగమును మనము మొవ్వు అందము. మొవ్వు బ్రదికియున్నంతవఱకు మొక్క బ్రదుకును. మొవ్వు కుళ్లినచో మొక్క లేదు. పండుపై గింజలవలె కనబడునవియే దాని నిజమైన కాయలు. మనము తిను ఎఱ్ఱని కండ పూవు యొక్క పీఠము ఉబ్బుట వలన ఏర్పడినది. దినములు దీర్ఘమై వేడి హెచ్చినప్పుడు మొక్క నుండి సన్నని తీగెలు బయలుదేఱి, వాని కణుపులయొద్ద పిల్లమొక్కలు వేళ్లూనును. తోటలో వంశము పెరుగుట ఈ పిల్లమొక్కల చేతనే గాని విత్తుల చేత కాదు.

మూడు తెగలు

కాపు కాలమును బట్టి స్ట్రాబెర్రీలను మూడు తెగలుగా విభజింతురు.

మొదటిది పొట్టి పగటి తెగ. పగటి నిడివి సుమారు 14 గంటలకు తగ్గి, గాలి చల్లగా నున్నప్పుడు ఇది మొగ్గను కట్టును. శీత దేశములలో ఆకురాలు కాలమున మొగ్గకట్టి, మంచు క్రింద నిద్రించి, వసంతము వెళ్లినపిమ్మట జూన్ ప్రాంతమున ఒక్క విడతగా కాయును. స్వీట్ చార్లీ, చాండ్లర్, కామరోజా, వింటర్ డాన్ అను రకములు ఈ తెగకు చెందినవి.

రెండవది సదా కాపు తెగ. దీనినే ఎవర్ బేరింగ్ అందురు. ఓజార్క్ బ్యూటీ, ఫోర్ట్ లారమీ మొదలగునవి ఇందలి రకములు. పేరునుబట్టి ఇది పన్నెండు నెలలు కాచునని తలచుట పొరపాటు. శీత దేశములలో సైతము ఇది వేసవి మొదట ఒక కాపు, వేసవి చివర మఱియొక కాపు, నడుమ కొలదిగా కాయలు నిచ్చును. ఒక్క విడతతో ముగియు తెగతో పోల్చి దీనికి “సదా కాపు” అను పేరు పెట్టిరి. మంచు కురిసిన తరువాత అక్కడను ఇది కాయదు.

మూడవది పగటి లెక్క లేని తెగ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు యూటా రాష్ట్రపు కొండలలో దొరికిన అడవి మొక్కతో సంకరము చేసి, 1979లో ఇట్టి రకములను విడుదల చేసిరి. అల్బియన్, సీస్కేప్ మొదలగునవి వాని తరువాత వచ్చినవి. పగలు దీర్ఘమైనను పొట్టియైనను ఇవి పూయును. గాని గాలి సుమారు 30 డిగ్రీలకు మించి కాగినప్పుడు ఇవియు పూత మానుకొనును. అంగడివారు ఈ రెండవ, మూడవ తెగలను ఒక్కటిగానే కలిపి “ఎవర్ బేరింగ్” అని అమ్ముదురు.

మన పగలు, మన వేడి

ఇప్పుడు మన సీమకు వత్తము. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు భూమధ్యరేఖకు ఉత్తరమున 15 డిగ్రీలకు కొంచెము లోపుగా నున్నవి. ఇక్కడ జూన్ నెలలోని మిక్కిలి పొడుగైన పగలు సుమారు 13 గంటలు. డిసెంబరులోని మిక్కిలి పొట్టి పగలు సుమారు 11 గంటల పావు. లండను నగరమున జూన్ పగలు 16 గంటలకు మించియుండును. సదా కాపు తెగ ఏర్పడినది అట్టి దీర్ఘమైన పగళ్ల కొఱకు. గాలి 27 డిగ్రీల ప్రాంతమున నున్నప్పుడు, పగలు మిక్కిలి దీర్ఘమైననే గాని ఆ తెగ పూయదు. మనకు వేడి యున్నది, దీర్ఘమైన పగలు లేదు. కావున ఏ తెగకు “సదా కాపు” అను పేరున్నదో ఆ తెగయే మన పెరటిలో అన్నిటికంటె తక్కువ కాచుటకు అవకాశము కలదు. ప్రకటనలు చెప్పని ముఖ్య విషయము ఇదియే.

ఇక పొట్టి పగటి తెగ సంగతి చూడుడు. దానికి 14 గంటలకు లోపు పగలు చాలును. మనకు ఏడాది పొడుగునను అట్టి పగలే. దానికి అడ్డు వచ్చునది వేడి మాత్రమే. మార్చి మొదలు అక్టోబరు వఱకు మన గాలి దానికి పనికిరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త కాదు. నవంబరు చివర నుండి ఫిబ్రవరి వఱకు పగటి వేడి 30 డిగ్రీల ప్రాంతమునకు దిగి, రాత్రులు 20 డిగ్రీలకు అటునిటుగా చల్లబడును. ఇది స్ట్రాబెర్రీకి ఉత్తమమైన వాతావరణము కాదు, కాని ఓర్చుకొనదగినది. కావున మన పెరటిలో నాటదగినది పొట్టి పగటి తెగ; కాపు కాలము సంక్రాంతి మొదలు శివరాత్రి దాటు వఱకు.

లంబసింగి చూపు దారి

మన రాష్ట్రమున స్ట్రాబెర్రీ పొలములు చూడదలచినవారు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి మండలమునందలి లంబసింగికి పోవుదురు. ఆ గ్రామము తూర్పు కనుమలలో సముద్రమట్టమునకు 900 మొదలు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. కొన్ని శీతకాలపు తెల్లవాఱుజాములలో అక్కడి చలి సున్న డిగ్రీల దగ్గఱకు దిగును. అక్కడి సాగుదారులు బయట నుండి మొక్కలను తెప్పించుకొని నాటి, చలికాలపు కాపును చలి చూడవచ్చు యాత్రికులకు తోటలోనే అమ్ముదురు. మహారాష్ట్రములోని మహాబలేశ్వరము ఇంకను ఎత్తైనది. భారతదేశపు స్ట్రాబెర్రీ పంటలో పెద్దభాగము అక్కడిదే. 2010లో మహాబలేశ్వరపు స్ట్రాబెర్రీకి భౌగోళిక గుర్తింపు లభించెను.

ఎత్తునకును చలికిని గల సంబంధము తేలికగా గుర్తుంచుకొనవచ్చును. ప్రతి 1,000 మీటర్ల ఎత్తునకును గాలి 6 డిగ్రీలకు పైగా చల్లబడును. ఉదయగిరి దుర్గము నిలిచిన కొండ ఎత్తైనదే. కాని మన పెరళ్లు కొండ క్రింద నున్నవి. లంబసింగిలో పంటగా నిలిచినది మనకు పెరటి ముచ్చటగా మాత్రమే నిలుచును. అక్కడి తోటల బొమ్మలను చూచి ఇక్కడ ఎకరముల లెక్కను నాట తలచువారు ఈ ఒక్క భేదమును మఱువరాదు. ఇంకను గమనింపుడు: అంత చల్లని లంబసింగిలో సైతము ఇది ముఖ్యముగా చలికాలపు పంటయే.

ఏది కొనవలెను, ఏది కొనరాదు

విత్తుల పొట్లములను కొనవలదు. తోట స్ట్రాబెర్రీ సంకర జాతి. దాని విత్తు నుండి వచ్చు మొక్క తల్లిని పోలదు. మొలచుటకే వారములు పట్టును, కాపునకు వచ్చుసరికి మన చలి ముగియును. నీలి రంగు స్ట్రాబెర్రీ, నల్లని స్ట్రాబెర్రీ అని బొమ్మలతో అమ్మునవి శుద్ధ మోసము. అట్టి రంగుల పండ్లు లోకమున లేవు.

కొనదగినది తీగె నుండి వేళ్లూనిన పిల్లమొక్క. చిన్న సంచిలోనో అఱల పళ్లెములోనో మట్టితో కూడ పెరిగినది మేలు. మట్టి లేక వేళ్లతో మాత్రము కట్టలుగా వచ్చునవి దారిలో వడలిపోవును. మొవ్వు గట్టిగా నుండవలెను. వేళ్లు తెల్లగానో లేత గోధుమ రంగుననో యుండవలెను. ఆకులపై ఊదారంగు మచ్చలు ఉండరాదు. రకము పేరు అమ్మువానిని అడిగి వ్రాయించుకొనవలెను. “ఎవర్ బేరింగ్” అని మాత్రమే చెప్పి రకము పేరు చెప్పనివాని యొద్ద కొనరాదు.

మన్నును, నీరును

స్ట్రాబెర్రీకి కొంచెము పులుపు గుణము గల మన్ను కావలెను. శాస్త్రజ్ఞుల కొలతలో 5.5 మొదలు 6.5 వఱకు. మన ఎఱ్ఱనేలలు కొన్ని చోట్ల దీనికి సరిపోవును. సున్నపు గులకలు గల చోట్లును, చౌడు నేలలును పనికిరావు. అందుచేత మొదటి యేట నేలలో నాటక కుండీలలో నాటుటయే మంచిది. కుండీ 8 మొదలు 10 అంగుళముల వెడల్పు గలదై, అడుగున చిల్లులు గలదై యుండవలెను. దానికి ఒక్క మొక్క చాలును. రెండు పాళ్లు ఎఱ్ఱమన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చి నింపవలెను. వంగ, మిరప, టమాటా పెరిగిన మడిలోని మన్నును తీసికొనరాదు. ఆ పైరులకు వచ్చు ఎండు తెగులు దీనికిని సోకును.

పెరటి మొక్కలకు పొయ్యి బూడిదను చల్లుట మన ఇండ్లలో వాడుక. స్ట్రాబెర్రీకి అది తగదు. బూడిద మన్నులోని పులుపును చంపును. మన బావినీటిలోని సున్నము ఆ పనిని ఇదివఱకే చేయుచున్నది.

నీటి విషయమే అన్నిటికంటె ముఖ్యమైనది. స్ట్రాబెర్రీ ఉప్పును ఏ మాత్రము ఓర్వని మొక్క. ఉప్పదనము గల బావినీరు పోసినచో ఆకుల అంచులు కాలినట్లగును. కుండీ అంచున తెల్లని పొర ఏర్పడును. నీటిలో సున్నము హెచ్చైనచో లేతాకులు పసుపుపచ్చగా మాఱి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా నిలుచును. ఇందులకు మన సీమలోనే ఒక మందు కలదు: వాననీరు. నెల్లూరు మండలపు వానలలో పెద్దభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనము వలన కురియును. స్ట్రాబెర్రీ నాటు కాలమునకు సరిగా ముందు ఆకాశమే మంచి నీటిని పంపుచున్నది.

లెక్క చూడుడు. ఒక మొక్కకు దినమునకు పావు లీటరు చాలుననుకొందము. పది మొక్కలకు దినమునకు రెండున్నర లీటర్లు. నవంబరు నడుమ నుండి మార్చి నడుమ వఱకు 120 దినములకు 300 లీటర్లు. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. పది చదరపు మీటర్ల కప్పుపై 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో 500 లీటర్లు. కొంత వృథా పోయినను, ఒక్క మంచి వానకు 200 లీటర్ల పీపాలు రెండు నిండును. మొదటి జల్లుతో కప్పు కడుగబడనిచ్చి, పిమ్మట వచ్చు నీటిని పట్టి, దోమలు చేరకుండ పలుచని గుడ్డతో మూతి కట్టవలెను. ఇట్లు చేసినవారికి బావిపై భారము లేకయే పైరు గడచును.

నాటు కాలము, నాటు పద్ధతి

మనకు ఒక చిక్కు కలదు. చలి మొదలగు వేళకే పెద్దవానలును, తుపానులును వచ్చును. తడిలో నిలిచిన మొవ్వు కుళ్లును. వానలు పూర్తిగా వెలియు వఱకు ఆగినచో చలికాలము సగము గడచిపోవును. ఈ చిక్కునకు ఉపాయమేమనగా, చిత్త కార్తెలో, అనగా అక్టోబరు నడుమ, చిన్న సంచులలోని మొక్కలను తెప్పించి, జల్లు తగులనట్టియు వెలుతురు బాగుగా వచ్చునట్టియు వసారాలో నెలదినములు పెంచవలెను. విశాఖ, అనూరాధ కార్తెలలో, అనగా నవంబరులో, వానలు తెఱపి యిచ్చిన సాయంకాలమున పెద్ద కుండీలకు మార్చవలెను. అప్పటికి మొక్కకు అయిదాఱు ఆకులు వచ్చియుండును.

నాటునప్పుడు మొవ్వు మన్నుతో సమముగా నుండవలెను. మొవ్వును పూడ్చినచో కుళ్లును. వేళ్లు పైకి కనబడినచో ఎండును. పది మొక్కలు నాటినవారిలో కొత్తవారికి చచ్చు మొక్కలు తఱచుగా ఈ ఒక్క లోపము వలననే చచ్చును. నేలలో నాటదలచినవారు మడిని జానెడు ఎత్తుగా పోసి, మొక్కకు మొక్కకు నడుమ అడుగు దూరము విడువవలెను. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కుండీలను మరల వసారాలోనికి చేర్చవలెను. కుండీ సాగు యొక్క లాభము ఇదియే.

మొక్క చుట్టును వరిగడ్డి పఱచినచో తేమ నిలుచును, పండు మన్ను తగులక శుభ్రముగా నుండును. అయితే మన ఎఱ్ఱనేలలలో చెదలు మిక్కుటము. నేలమడిలో గడ్డికి మాఱుగా శుభ్రమైన గులకఱాళ్లను పఱచుట మంచిది. ప్లాస్టిక్ పట్టా వాడువారు నలుపు వైపు క్రిందికిని, వెండి రంగు వైపు పైకిని ఉండునట్లు పఱచవలెను; నలుపు పైకి నున్నచో వేళ్లు వేడెక్కును.

పోషణ

ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగులు చోటు మేలు. మధ్యాహ్నము రెండు గంటల తరువాత నీడ పడినచో ఇంకను మేలు. నీటిని ఉదయమున మొదట పోయవలెను గాని ఆకులపై పోయరాదు. మన్నును వ్రేలితో తాకి, పైపొర ఆఱినచో మాత్రమే పోయవలెను.

నాటిన మూడు వారముల లోపల వచ్చు మొదటి పూగుత్తిని గిల్లివేయవలెను. అట్లు చేసినచో వేళ్లు బలపడును. తరువాత వచ్చు పూతను నిలుపవలెను. మన కాలము చిన్నది గనుక ఇంతకంటె గిల్లరాదు. తీగెలు వచ్చినచో వెంటనే త్రుంచవలెను. పూసిన తరువాత సుమారు నెలదినములకు పండు ఎఱ్ఱబడును.

వేరుసెనగ చెక్కను మూడు దినములు నీటిలో నానవేసి, వడకట్టి, పదిరెట్లు నీరు కలిపి, పక్షమునకొకసారి మొదట పోసినచో చాలును. పండ్లు నేలకు దగ్గఱగా నుండును, పచ్చిగా తినబడును. కావున పేడనీటిని పైన చల్లరాదు. యూరియా వేసినచో ఆకులు బలియును, పండు మెత్తబడి రుచి చెడును. లేతాకులు పసుపు తిరిగినచో, లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేదియు, కొన్ని చుక్కల నిమ్మరసమును కలిపి సాయంకాలమున ఒకసారి చల్లి, అటుపై వాననీటినే పోయుచు రావలెను. పండ్లు ఎఱ్ఱబడు తఱిని ఏ మందును చల్లరాదు.

వసారాలో పూసిన మొక్కలకు తేనెటీగలు తక్కువగా వచ్చును. పూవులోని అన్ని భాగములకు పుప్పొడి చేరనిచో పండు వంకరగా నుండును. మెత్తని కుంచెతో పూవు నడుమను మెల్లగా తుడిచినచో ఈ లోపము తీఱును. ఈ పనిని పిల్లలకు అప్పగింపవచ్చును.

శత్రువులు

వానలు పోని దినములలో నత్తలును, బూడిదరంగు బూజును వచ్చును. నత్తలను రాత్రి దీపము పట్టి ఏఱివేయవలెను. బూజు పట్టిన పండును, ఎండిన ఆకును తీసి దూరముగా పాతవలెను; కుండీల నడుమ గాలి ఆడనీయవలెను. ఫిబ్రవరిలో ఎండ ముదిరినప్పుడు ఆకుల అడుగున ఎఱ్ఱనల్లి పుట్టును. ఆకులు పాలిపోయి ధూళి పడినట్లుండును. ఆకుల అడుగు భాగమునకు ఉదయమున నీటిని గట్టిగా చిమ్మినచో చాలవఱకు పోవును. పిగిలిపిట్టలు, ఉడుతలు, చీమలు పండును మనకంటె ముందుగా కనిపెట్టును. పాత దోమతెరను కప్పి, పూత కాలమున ఉదయపు పూట తేనెటీగల కొఱకు దానిని ఎత్తియుంచవలెను. కొండ క్రింది గ్రామములలో కోతుల బెడద యున్నచో దోమతెర నిలువదు. గట్టి జాలి గల తావుననే పెంచవలెను.

కోత

మామిడికాయను దోరగా కోసి గడ్డిలో మాగవేయుదుము. స్ట్రాబెర్రీ అట్లు మాగదు. కోసిన తరువాత రంగు కొంత తిరిగినను తీపి పెరుగదు. కావున తొడిమ వఱకు ఎఱ్ఱబడిన తరువాతనే, ఉదయపు చల్లదనములో, తొడిమతో కూడ గిల్లవలెను. తినుటకు ముందే కడుగవలెను. కడిగి దాచినచో చెడును. దూరపు ప్రయాణము కొఱకు కొంచెము ముందుగా కోసిన యంగడి పండు పులుపుగా నుండుటకును, పెరటిలో పూర్తిగా పండినది తియ్యగా నుండుటకును కారణ మిదియే. పెరటి సాగు యొక్క నిజమైన లాభము రుచియే గాని తూకము కాదు. ఒక మొక్క నుండి పావు కిలోకు మించి ఎదురు చూడరాదు; మొదటి యేట అంతకు తగ్గినను ఆశ్చర్యపడరాదు.

వేసవిలో చేయవలసినది

శివరాత్రి దాటి ఎండ ముదిరిన కొలదిని పండు చిన్నదగును, పూత ఆగును, తీగెలు సాగును. ఇది వ్యాధి కాదు. మొక్క తన కాలము ముగిసినదని చెప్పుట. ఇక్కడనే ఇల్లాలును, ఇంటి యజమానుడును గట్టిగా నిర్ణయించుకొనవలెను. “సదా కాపు” అను మాటను నమ్మి ఏప్రిలు, మే నెలలలో దానికి దినమునకు రెండుసారులు నీరు పోసినచో, ఆకు నిలువవచ్చును గాని పండు రాదు. మార్చి నడుమ, పూర్వాభాద్ర కార్తె ముగియు సరికి, మొక్కలను పెఱికి ఎరువు గుంటలో వేయుటయే న్యాయము. ఆసక్తి గలవారు పదింటిలో రెండిటిని నిమ్మచెట్టు నీడన ఉంచి పరీక్షింపవచ్చును; అవి బ్రదికినచో లాభము, చచ్చినచో నష్టము లేదు.

మిగిలిన నీటిని ఎవరికి పోయవలెను? నిజముగా మన సీమలో పలు విడతలుగా పూచి కాచు పెరటి చెట్లు కలవు. నిమ్మ ఏడాదిలో మూడు విడతలుగా పూయును. చెట్టుపై ఏదో యొక దశలోని కాయ ఇంచుమించు ఎప్పుడును ఉండును. బొప్పాయి కాపునకు వచ్చినపిమ్మట నీరున్నంతకాలము కాయుచునే యుండును. వేసవిలో నిమ్మకాయ వెల హెచ్చుట అందఱకును తెలిసినదే. మన యెండకు పుట్టినట్టి ఈ చెట్లకు వేసవి నీటిని ఇచ్చి, చలి నాలుగు నెలలు మాత్రము స్ట్రాబెర్రీకి ఇచ్చిన పెరడే సదా కాపు గల పెరడు. ఒక మొక్క పన్నెండు నెలలు కాయనక్కఱలేదు. పెరడు కాచిన చాలును.

సంఘము ద్వారా చేయదగినది

మొక్కలు విడిగా కొన్నవారికి రవాణా ఖర్చు మొక్కవెలను మించుట కలదు. పదిమంది సభ్యులు కలిసి ఒక్క పెట్టెగా తెప్పించి, తలకు పది మొక్కలు పంచుకొన్నచో ఖర్చు తగ్గును. అంతకంటె ముఖ్యమైన లాభము మఱియొకటి కలదు. పది పెరళ్లలో పది విధముల మన్ను, పది విధముల నీరు. ఎవరి చోట ఏమి జరిగినదో ఒక్క పుస్తకములో వ్రాసినచో, ఒక్క శీతకాలములోనే పదేండ్ల అనుభవము చేకూఱును. వ్రాయవలసినవి ఇవి: రకము పేరు, కుండీకి మార్చిన తేది, మొదటి పూవు, మొదటి పండు, కోసిన పండ్ల తూకము, కడపటి పండు తేది, చచ్చిన మొక్కల సంఖ్య, పోసినది వాననీరా బావినీరా. మొక్కవెల, రవాణా, ఎరువు కూడి, పండ్ల తూకముచే భాగించినచో కిలో పండు మనకెంతకు పడినదో తేలును. ఆ లెక్కను యంగడి వెలతో పోల్చి చూచుకొనుడు.

ఆ లెక్క చేతికి రాకమునుపు ఎవరును దీనిని వ్యాపారపు పంటగా తలపరాదు. దీని కొఱకు సంఘపు ఋణము తీయరాదు, పొలములో నీడపందిళ్లు వేయరాదు. పది కుండీలలో పోయిన సొమ్ము పాఠము నేర్పును. ఎకరములో పోయిన సొమ్ము అప్పు మిగుల్చును.

కార్తెల వారీ పనులు

హస్త: పీపాలు శుభ్రపఱచి వాననీరు పట్టుట, మన్ను, ఎరువు కలిపి ఉంచుట.
చిత్త, స్వాతి: పొట్టి పగటి తెగ మొక్కలను తెప్పించి వసారాలో పెంచుట.
విశాఖ, అనూరాధ: వాన తెఱపిలో కుండీలకు మార్చుట, మొవ్వును మన్నుతో సమముగా నుంచుట.
జ్యేష్ఠ, మూల: మొదటి గుత్తి గిల్లుట, నత్తలను ఏఱుట, చెక్కనీరు పోయుట.
పూర్వాషాఢ, ఉత్తరాషాఢ: పూత, కుంచెతో తుడుచుట, తెర కప్పుట.
శ్రవణము, ధనిష్ఠ: ముఖ్యమైన కోత, తూకము వ్రాయుట.
శతభిషము, పూర్వాభాద్ర: కడపటి కోత, ఎఱ్ఱనల్లిని కనిపెట్టుట, మొక్కలను పెఱికి, కుండీలోని మన్నును నిమ్మపాదులో పోయుట, సంఘపు పుస్తకములో లెక్క ముగించుట.